గాలి పీల్చే బస్సు

మా బస్సుకి గాలి అడ్డమొస్తోందని హెడ్డాఫీసు వాళ్ళు చెప్పేదాకా మాకు తెలీదు. మాకు తెలిసి అడ్డమొచ్చేవి గేదెలు, గొర్రెల మందలు, రోడ్డు మీద ఆరబోసిన మిరపకాయలు, పెళ్ళిళ్ళ సీజన్లో బ్యాండుమేళాలు. గాలి పాపం ఎప్పుడూ దారిస్తూనే ఉండేది. ఇస్తోందని మేం అనుకున్నాం లెండి. చదువు లేకపోతే మనిషి ఎంత మోసపోతాడో చూడండి.

నా పేరు నాంచారమ్మ. చింతలమెట్ట డిపోలో కండక్టర్ని. మా డ్రైవరు మస్తాన్ వలీ. ఇద్దరం ఉప్పుగుంట్లపాలెం బస్సు మీద పనిచేస్తాం. ఆ ఊరికి అదొక్కటే బస్సు. ఊరు దాటితే వాగు, వాగు దాటితే చిల్లచెట్ల ముళ్ళపొదలు. ఆ గుంతల రోడ్డు మీదికి రమ్మంటే ఆటోవాళ్ళు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడతారు. పొద్దున్నే మా బస్సు వెళ్ళకపోతే అక్కడ ఆకుకూరలు పండించే ఆడవాళ్ళు కోసిన గోంగూర, తోటకూర గేదెలకి వేసుకోవాల్సిందే.

వాళ్ళందరికీ పెద్ద దిక్కు అంకమ్మత్త. నాకు చుట్టరికమేం లేదు, ఆ నోటికి భయపడి అందరూ అత్తా అంటాం. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది అరెకరం గోంగూర, ఒక గంప, మా బస్సులో డ్రైవరు వెనక రెండో కిటికీ సీటు. చింతలమెట్ట బజారులో పొద్దున అమ్ముకుంటేనే సాయంత్రం పొయ్యి మీదికి ఎసరెక్కేది.

ఒకరోజు డిపోలో షామియానా వేశారు. హెడ్డాఫీసు నుంచి ఏదో కొత్త పథకం డైరెక్టరు డాక్టర్ శేషశయనం గారు వస్తున్నారని మా డిపో మేనేజరు విశ్వనాథం గారు పొద్దుట్నుంచీ చెమటలు తుడుచుకుంటూ తిరుగుతున్నారు. శేషశయనం గారు ఈమధ్యే ఏదో చల్లని దేశం వెళ్ళి ట్రైనింగై వచ్చారట. అక్కడ తొడుక్కున్న కోటు ఇంకా విప్పలేదు. ఎండ నలభై దాటింది.

"మిత్రులారా," అన్నారాయన మైకు పట్టుకుని. "ఇంతకాలం మనం డీజిల్ పోసి బస్సులు నడిపామని భ్రమపడ్డాం. వాస్తవానికి మనం గాలిని తోశాం."

వలీ నా చెవిలో, "గాలిని తోసినందుకు ఓవర్‌టైం ఏమన్నా ఇస్తారేమో అడగక్కా" అన్నాడు.

ఆయన చెప్పిందాంట్లో నాకర్థమైంది ఇదీ. బస్సు పరిగెడుతుంటే దాని ఒంటికి ఆనుకుని పలచని గాలి పొర ఒకటి ఉంటుంది. అది ఒక చోట చెదిరిపోయి సుళ్ళు తిరిగి బస్సుని వెనక్కి లాగుతుంది. రేకుల నిండా సన్నని బెజ్జాలు వేసి, లోపల పంపు పెట్టి ఆ పొరని పీల్చేస్తే మిగతా గాలి నున్నగా జారిపోతుంది. ఎప్పుడు ఎంత పీల్చాలో ఒక పెట్టె తనంతట తనే చూసుకుంటుంది. దీని పేరు 'స్వయంచాలిత నియంత్రిత ఉపరితల చూషణ వ్యవస్థ'. పేరు చదివేసరికి ఆయనకే ఊపిరి ఆడలేదు, మంచినీళ్ళిచ్చారు.

వలీ లేచాడు. "విమానాలకైతే సరే సార్. మా బస్సు పక్కన మనిషి నడుచుకుంటా కబుర్లు చెప్పచ్చు. దానికి గాలేం అడ్డమొస్తది?"

"మంచి ప్రశ్న. అది మీ పరిధిలోనిది కాదు," అన్నారు శేషశయనం గారు. "ఎక్స్‌ప్రెస్ సర్వీసులు ఆదాయ వనరులు కనుక వాటి మీద ప్రయోగాలు శ్రేయస్కరం కాదు. అత్యంత అప్రధానమైన సర్వీసును ఎంపిక చేయవలసిందిగా కమిటీ సిఫార్సు చేసింది. ఆ గౌరవం ఉప్పుగుంట్లపాలేనికి దక్కింది. నిర్ణీత గడువులో గాలి నిరోధం శూన్యానికి చేరని పక్షంలో, సదరు మార్గం విజ్ఞానానికి అనుకూలం కాదని భావించి సర్వీసును ఉపసంహరించడం జరుగుతుంది."

నాకు ఒళ్ళు మండింది. "అంటే యంత్రం పనిచేయకపోతే ఊరికి బస్సు పీకేస్తారా?"

"నాంచారమ్మా, కూర్చో తల్లీ," అన్నారు విశ్వనాథం గారు బతిమాలుతున్నట్టు. "టీ చల్లారిపోతోంది."

బస్సు వర్క్‌షాపు నుంచి తిరిగొచ్చేసరికి దాని ఒంటి నిండా బెజ్జాలే. వెనకవైపు సీట్లు పీకేసి పంపు బిగించారు. అది పిండిమర కంటే ఎక్కువ మోత పెడుతోంది. డ్రైవరు పక్కన లైట్లున్న పెట్టె. గాలి అడ్డుపడితే ఎర్ర లైటు, పడకపోతే పచ్చ లైటు. పీల్చిన గాలి ఎటు పోవాలో మాత్రం టెండరులో రాయలేదట. పీల్చడం వరకే కాంట్రాక్టు. అందుకని ఆ గొట్టాన్ని బస్సు లోపలే, ఆడవాళ్ళ సీట్ల నెత్తిన వదిలేశారు.

ఉప్పుగుంట్లపాలెంలో ఆగగానే అంకమ్మత్త గంప దించి బస్సు చుట్టూ తిరిగి, బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో నా తల్లీ, దీనికి అమ్మవారు పోసిందేందే?"

"అమ్మవారు కాదత్తా, అవి గాలి పీల్చే బెజ్జాలు."

"ఆ మాట పైకి అనమాక, కళ్ళు పోతయ్యి," అని గబగబా వెళ్ళి వేపమండలు తెచ్చి బస్సు పక్కకి చూపించింది. పంపు లటుక్కున లాగేసుకుంది. మండలు రేకుకి అతుక్కుపోయాయి. ఊరు ఊరంతా చేతులు జోడించింది. తల్లి పుచ్చుకుందన్నారు.

అసలు గొడవ మర్నాటి నుంచి మొదలైంది. మా వైపు ఒక ధర్మం ఉంది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరితే ఆ సీటు విసిరినవాడిది. ఇక దాన్ని ముట్టుకునేవాడు లేడు. కోర్టులో స్టే తెచ్చుకున్నా నిలబడదేమో గానీ తువ్వాలు నిలబడుతుంది. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తలలు పగలగొట్టుకుంటారు గానీ, ఒకడి తువ్వాలు తీసి ఇంకొకడు కూర్చున్నాడన్న మాట నా సర్వీసులో నేను వినలేదు.

ఇప్పుడు విసిరిన తువ్వాలు కిటికీ దాకా పోతేగా! సగం దారిలోనే పంపు లాక్కుని రేకుకి అతికిస్తోంది. బెజ్జాలు మూసుకుపోయేసరికి పెట్టె కంగారుపడి ఇంకా గట్టిగా పీలుస్తోంది. ఒక కొంగు, ఒక లుంగీ కొస, ఒక గంపలోంచి తల బయటపెట్టిన కోడిపెట్ట, అన్నీ వరసగా అతుక్కున్నాయి. రేకుకి అంటుకున్న తువ్వాలుకి సీటు వచ్చినట్టా రానట్టా అని తగువు. చివరికి వెంకటప్పయ్య అనే పెద్దాయన తీర్పు చెప్పాడు. ఏ కిటికీ కింద అంటుకుంటే ఆ కిటికీ సీటు వాడిదే. పంపు తగ్గినప్పుడు తువ్వాళ్ళు రోడ్డున రాలిపోకుండా కొసని కిటికీ ఊచకి ముడేసుకోవాలి. అందరికీ నచ్చింది. మా హెడ్డాఫీసులో ఇంత చక్కని ఉత్తర్వు నేను చూసి ఎరగను.

మిరపకాయలు ఆరబోసిన రోడ్డు మీదికి వచ్చాం. పెట్టెకి ఎర్ర లైటు వెలిగింది. పంపు ఊపందుకుంది. బయట ఉన్న ఘాటంతా బెజ్జాల్లోంచి దూరి, గొట్టంలోంచి ఆడవాళ్ళ నెత్తిన పడింది. బస్సంతా ఒకటే తుమ్ములు. వలీ తుమ్మినప్పుడల్లా బస్సు ఎడమకి పోతోంది. అంకమ్మత్త తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఆ శేషశయనాన్నీ, ఆయన్ని కన్నవాళ్ళనీ, చదువు చెప్పిన పంతుళ్ళనీ తిట్టింది. ఆ తిట్లు నేనిక్కడ రాయలేను, రాస్తే నా ఉద్యోగం ఊడుతుంది.

నెల తిరిగేసరికి బస్సు డీజిలు ఇదివరకటికి రెట్టింపు తాగింది. సమీక్షా సమావేశం పెట్టారు.

"వ్యవస్థ అద్భుతంగా ఆదా చేస్తోంది," అన్నారు శేషశయనం గారు. "ఆ ఆదాను బస్సు వృథా చేస్తోంది."

విశ్వనాథం గారు భయం భయంగా, "పంపు కూడా డీజిలు మీదే కదండీ నడిచేది," అన్నారు.

"పంపు ఖర్చు వేరే పద్దు. దాన్ని ఇందులో కలపడం ఆర్థిక క్రమశిక్షణారాహిత్యం అవుతుంది."

అక్కణ్ణుంచి ఉత్తర్వులు మొదలయ్యాయి. టాపు మీద గంపలు గాలికి అడ్డు కాబట్టి తీసేయాలి. పక్కనున్న అద్దాలు గాలికి అడ్డు. వెనకేం వస్తోందో డ్రైవరు అంచనా వేసుకోవాలి. ముందు కట్టిన నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు గాలికి అడ్డు. వాటిని తీయమంటే వలీ ఒప్పుకోలేదు, "నమాజు చేసేవాడినైనా దిష్టి దిష్టేగా సార్" అన్నాడు. దిష్టి వల్ల కలిగే నిరోధం మీద ఉపసంఘం వేశారు. చివరికి నా కొప్పు మీద పడ్డారు. ఫుట్‌బోర్డు మీద నిలబడి కేకేసే సమయంలో కండక్టరు కొప్పు ప్రవాహ దిశకు అడ్డంగా ఉండరాదట! నా పెళ్ళిలో మా అత్తగారు కూడా నా కొప్పు జోలికి రాలేదు. "కావాలంటే గుండు కొట్టించుకుంటా, తిరపతికి లీవు శాంక్షన్ చెయ్యండి," అన్నాను. లీవు అనేసరికి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇన్ని చేసినా ఎర్ర లైటు పోలేదు. పోకపోగా, బస్సు స్టాపులో ఆగినప్పుడు మాత్రం పచ్చ లైటు వెలిగేది. ఆ సంగతి శేషశయనం గారి కంట పడింది. పడకపోతే బాగుండేది.

"గమనించారా?" అన్నారాయన. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. "బస్సు నిలిచి ఉన్న ప్రతి సందర్భంలోనూ గాలి నిరోధం శూన్యం. అంటే లోపం వ్యవస్థలో లేదు. ప్రయాణంలో ఉంది."

ఆ మర్నాటి నుంచి ఉప్పుగుంట్లపాలెం బస్సు డిపోలోనే నడవసాగింది. తప్పు చదవలేదు మీరు. 'స్థిర గమన సర్వీసు' అని పేరు పెట్టారు. పొద్దున్నే వలీ స్టీరింగు పట్టుకుని కూర్చుంటాడు. పంపు మోగుతుంటుంది. నేను "రైట్ రైట్" అంటాను. బస్సు కదలదు. టైముకి ఉప్పుగుంట్లపాలెం చేరినట్టు రాస్తాం. మా సర్వీసు చరిత్రలో మొదటిసారి బస్సు రోజూ టైముకి చేరుతోందని విశ్వనాథం గారికి మెచ్చుకోలు వచ్చింది. ఒకరోజు చెకింగు వాళ్ళు ఎక్కి చూసి, టిక్కెట్టు లేని ప్రయాణికుడు ఒక్కడు కూడా లేడని సంతృప్తి వెలిబుచ్చి దిగిపోయారు.

మొదట్లో నవ్వుకున్నాం, అబద్ధమెందుకు. ఎండన పడకుండా జీతం వస్తుంటే ఎవరికి చేదు?

వారం తిరక్కముందే ఒక మిట్టమధ్యాహ్నం అంకమ్మత్త డిపో గేటులోంచి నడుచుకుంటూ వచ్చింది. నెత్తిన గంప. గంపలో గోంగూర వడిలి నల్లబడిపోయింది. చెప్పు తెగినట్టుంది, ఒక పాదానికి గుడ్డ కట్టుకుంది. తిన్నగా బస్సెక్కి, డ్రైవరు వెనక రెండో కిటికీ పక్కన తన సీట్లో కూర్చుంది.

"ఎప్పుడు బయల్దేరుద్దే?"

"ఇది బయల్దేరదత్తా. నడుస్తానే ఉంది."

నా మొహం వంక చూసింది, పంపు వంక చూసింది. తిడుతుందనుకున్నా. తిట్టలేదు. అందుకే భయమేసింది నాకు.

"పొద్దున కోడి కూయకముందు బయల్దేరానే. వచ్చేతలికి బజారు ఎత్తేశారు. పోయిన వారం పాతిక కట్టలు గేదెకేశా. అదీ తినలేక మొహం తిప్పుకుంది. ఈ పొలం కౌలుకిచ్చి నేనేడకి పోవాలే? చెప్పు. ఎవరింటికి పోవాలా?"

నాకు ఏడుపొచ్చింది. ఆ గంపలోంచి రెండు కట్టలు తీసుకుని డబ్బులివ్వబోతే, చేతి మీద కొట్టింది. వలీ స్టీరింగు వదిలేసి కిందకి దిగి, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు.

వచ్చే సోమవారం సంస్థ ఛైర్మన్ గారు వస్తున్నారని అప్పటికే తెలిసింది. గాలి నిరోధం శూన్యానికి తెచ్చినందుకు శేషశయనం గారికి సన్మానం. ఆ సభలోనే జిల్లాలోని పల్లె బస్సులన్నిటినీ స్థిర గమనంలోకి మారుస్తున్నట్టు ప్రకటన. ఒకసారి ఆ మాట ఛైర్మన్ నోటి వెంట వచ్చిందంటే ఉప్పుగుంట్లపాలెం రోడ్డు మీద మళ్ళీ బస్సు తిరగదు. ఆ సంగతి నేను అత్తకి చెప్పాను.

"ఆ రోజు మేమూ వస్తాం," అంది.

"వచ్చి ఏం చేస్తావత్తా?"

"మా సీట్లు మేము ఆపుకుంటాం. ఎప్పుడు కదిల్తే అప్పుడే కూచుంటాం. ఈలోపు ఇంకెవడన్నా వచ్చి కూచుంటే?"

సోమవారం షామియానా, పూలదండలు, శాలువాలు, ఫొటోగ్రాఫర్లు. బస్సుని కడిగి మధ్యలో నిలబెట్టారు. పంపు మోగుతోంది. పచ్చ లైటు వెలుగుతోంది. ఛైర్మన్ గారు ఇంకా కుర్చీలో సర్దుకుంటుండగానే ఉప్పుగుంట్లపాలెం ఊరంతా గేటు తోసుకుని లోపలికొచ్చింది. ఒక్కొక్కరూ ఒక్కో కిటికీ దగ్గరికెళ్ళి తువ్వాలు అతికించి, కొస ఊచకి ముడేశారు. గళ్ళ తువ్వాళ్ళు, ఎర్ర తువ్వాళ్ళు, అంకమ్మత్త పాత చీర చెంగు. ఒక్క బెజ్జం కనబడితే ఒట్టు.

"ఏమిటీ వస్త్రాలు? ఎవరి అనుమతితో?" అని శేషశయనం గారు పరిగెత్తుకొచ్చారు.

"సీటుకి తువ్వాలేయడానికి అనుమతేంది బాబూ?" అన్నాడు వెంకటప్పయ్య నిజంగానే ఆశ్చర్యపోయి.

ఛైర్మన్ గారికి జనం కనపడ్డారు. జనం కనబడితే ఆయనకి ఊపొస్తుంది. లేచి నిలబడ్డారు. "శేషశయనం గారూ, నిరోధం శూన్యమే కదా?"

"సంపూర్ణ శూన్యం సార్."

"ఆగి ఉంటే శూన్యమని మా మనవడు కూడా చెబుతాడయ్యా. నడిస్తే?"

శేషశయనం గారి కోటు లోపల చెమట పట్టడం నాకు బయటికి కనిపించింది. ఫొటోగ్రాఫర్లందరూ ఆయన వంకే తిరిగారు. "సిద్ధాంతరీత్యా... అదీ శూన్యమే సార్," అన్నారు.

"అయితే నడపండి. నేనూ ఎక్కుతా."

ఊరంతా ఒక్కసారి ఎక్కేసింది. నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి, కొప్పు ప్రవాహానికి అడ్డంగా పెట్టి మరీ, "రైట్ రైట్" అని కేకేశాను. బస్సు కదిలింది. నిజంగా కదిలింది. నాకు చచ్చేంత సంతోషమేసింది.

ఛైర్మన్ గారు ఒక సీటు దగ్గరకొచ్చి, కిటికీకున్న తువ్వాలు చూసి ఆగిపోయారు. ఎంతైనా ఈ నేల మీద పుట్టినవాడే కదా. పై కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. శేషశయనం గారు మాత్రం ఖాళీగా ఉందని డ్రైవరు వెనక రెండో కిటికీ దగ్గర కూర్చున్నారు.

"లే నాయనా," అంది అంకమ్మత్త. "కిటికీకి నా చెంగు కనపడలా?"

"అమ్మా, నేను ఈ పథకానికి డైరెక్టర్ని."

"అయితే నీ తువ్వాలేదీ?"

ఛైర్మన్ గారే, "లేవండి శేషశయనం గారూ, పద్ధతి కాదు," అన్నారు. ఆయన లేచారు.

కల్వర్టు దగ్గర గుంతలో పడ్డప్పుడు వెనకాల టప్పున చప్పుడైంది. పంపు బెల్టు తెగిపోయింది. మోత ఆగిపోయింది. పీల్పు పోయేసరికి తువ్వాళ్ళన్నీ రేకు వదిలేసి, ముడుల దగ్గర వేలాడుతూ గాలికి టపటపా కొట్టుకోవడం మొదలెట్టాయి. బస్సుకి రెండు పక్కలా జెండాలు కట్టినట్టుంది. ఇంతకు మించి గాలికి అడ్డంపడే బస్సు లోకంలో ఉండదు. పెట్టె మాత్రం, పీల్చడానికేమీ అందడం లేదు కాబట్టి, పచ్చ లైటు వెలిగించి హాయిగా కూర్చుంది.

"ఆహా!" అన్నారు ఛైర్మన్ గారు. "నడుస్తున్నా శూన్యమే. పైగా చప్పుడు కూడా లేదు."

శేషశయనం గారు ఆగిపోయిన పంపుని చూశారు, పచ్చ లైటుని చూశారు, తర్వాత నా వంక చూశారు. నేను టిక్కెట్లు కొట్టుకుంటున్నాను.

"ఇది... వస్త్రావరణ పద్ధతి సార్," అన్నారాయన గొంతు సవరించుకుని. "చూషణకు తదుపరి దశ."

ఆ సాయంత్రమే ఛైర్మన్ గారు ఉప్పుగుంట్లపాలెం సర్వీసును శాశ్వత ప్రదర్శనా మార్గంగా ప్రకటించారు. రోజుకి రెండు ట్రిప్పులు పెంచారు. పంపు విప్పి విజ్ఞాన ప్రదర్శనశాలకి పంపించారు. బెజ్జాలు అలాగే ఉన్నాయి, వానాకాలం ఏం చేస్తారో చూడాలి. తువ్వాళ్ళకి టెండరు పిలిచారు. కొత్త ఉత్తర్వు ప్రకారం ప్రతి కిటికీకి సంస్థ ముద్ర ఉన్న తువ్వాలు ఒకటి ఎల్లవేళలా కట్టి ఉండాలి.

కొత్త తువ్వాళ్ళతో మొదటి ట్రిప్పు నాదే. ఉప్పుగుంట్లపాలెంలో జనం ఎక్కారు. ప్రతి సీటుకీ తువ్వాలుంది. ఎవరిదో తెలీదు గానీ ఉంది. ఒక్కరూ కూర్చోలేదు. సీట్లన్నీ ఖాళీగా పెట్టుకుని, వెంకటప్పయ్యతో సహా అందరూ కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. కూర్చోండయ్యా అని నేనెంత మొత్తుకున్నా, "ఎవరివో, వస్తారేమోనమ్మా" అంటారు.

చివర్న అంకమ్మత్త ఎక్కింది. గంప దించి, నిలబడ్డ జనాన్ని, ఖాళీ సీట్లని చూసింది.

"ఎవరివే ఈ తువ్వాళ్ళు?"

"గాలివంట అత్తా. గాలి కోసం కట్టారు."

ఆమె తన కిటికీ దగ్గరి తువ్వాలు ముడి విప్పింది. మొహం తుడుచుకుంది, మెడ తుడుచుకుంది, చుట్టకుదురు చుట్టి గంప కింద పెట్టింది. కాళ్ళు చాపుకుని సీట్లో కూర్చుంది.

"గాలొచ్చినప్పుడు లేస్తాలే," అంది. "ముందు టిక్కెట్టియ్యి, బజారు టైమైతంది."